పెద్ద బటన్ల పాటల డబ్బా

ఇచ్చోడ,
18-11-2024, సోమవారం.

నా పొట్టోడా, చిరంజీవి పరశురాములూ,

నీకు తల్లి వరసై, నువ్వు అవ్వా అని పిలిచే భూమవ్వ దీవించి రాసేది. ఇక్కడ నేను, మా ఇంటాయన మీ అంతయ్య బాపు, నీ చెల్లె కోమల ముగ్గురం ప్రాణాలతో ఉన్నాం. క్షేమమని రాయబోతే చెయ్యి రాలేదు, అందుకే ఇట్లా రాశాను. నువ్వు అక్కడ కరీంనగర్‌లో ఒంట్లో బాగుండి, ఆ గ్రానైట్ రాళ్ళ కోత దగ్గర చేతులు కాళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తున్నాను.

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. కోమల రాసి పెడతానంది, వద్దన్నాను. నాది ఐదో తరగతి చదువు. ఒక కాగితం పాడుచేసి ఇది రెండోది పట్టుకున్నాను. ఉత్తరమంటే పుస్తకంలో ఉన్నట్టు రాయాలని మా పంతులు చెప్పేవాడు. అట్లనే రాయాలని చూస్తున్నాను, నడుమ మన మాట దొర్లితే నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తినా ఈ సంగతి నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు.

మొన్న అంగడిలో మీ అవ్వ దేవవ్వ కలిసింది. వంకాయలు ఏరుతూ ఏరుతూ ఏడ్చింది. దసరాకు గూడ రాలే అక్కా, ఫోన్ల ఒక్కటే మాట అడుగుతడు, శ్రీగాడు నా మాట ఇన్నడా లేదా భూమవ్వను అడిగినవా అంటడు, నేనేమని చెప్పాలె అంది. చెవుల పాట లేకుంట అడుగు ఎయ్యనోడు, గిప్పుడు రూముల ఎవలన్న పాట పెడితె లేసి బయటికి పోతున్నడట, పొద్దుగాల ఏం తినకుంటనే పనికి పోతున్నడట అంది. నేనేం జవాబు చెప్పానో తెలుసా? నాకేమెరుక దేవవ్వా అని, ఈసారి పత్తి ధర సంగతి తీశాను. ఆమె కండ్లు తుడుచుకుని ధర సంగతి మాట్లాడింది. ఇంటికొచ్చి కోమలను కాగితం, పెన్ను అడిగాను.

నిన్ను ఆస్పత్రి లోపలికి రానివ్వలేదు కాబట్టి అక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు. మొదటి నుంచి రాస్తాను.

నువ్వూ నా కొడుకు శ్రీహరీ కలిసి నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి వేద్దామనుకున్నారు. తీరా దుక్కి దున్నేనాటికి నువ్వు కరీంనగర్ పనికి పోయావు. శ్రీహరి ఒక్కడే వేశాడు. నీతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. ఫిబ్రవరిలో ఆ పత్తినే ట్రాక్టర్‌లో నింపుతూ, లోడు మీద తాడు బిగించబోయి కింద పడ్డాడు. పరశురాములు ఉంటే ఇద్దరు ఎక్కేవాళ్ళు కదా, ఒకరు పడిపోతే ఒకరు పట్టుకునేవాళ్ళు కదా అన్న మాట నా కడుపులో ఆనాడే పడింది. ఆదిలాబాద్‌లో చూసి, తల లోపల దెబ్బ ఉంది, కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు.

నాలుగో రోజు కరీంనగర్ ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. కండ్లు తెరవకపోయినా చెవులు పనిచేస్తుండొచ్చు అవ్వా, మాట్లాడుతూ ఉండు, ఆయనకు నచ్చే పాటలు వినిపించు, మంచిదే అంది. వార్డులో ఫోన్లు వద్దు, బయటికి మోత వచ్చే బాక్సులు వద్దు, చెవులకు పెట్టేది ఏదన్న తెచ్చుకో అని సిస్టరమ్మ చెప్పింది. కోమలను వాడి దగ్గర కూర్చోబెట్టి నేనే రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న సెల్ ఫోన్ల దుకాణానికి పోయాను.

దుకాణపాయన చిన్నవాడే. మూడు రకాలు తీసి నా ముందు పెట్టాడు. ఒకటి అరచెయ్యంత ఉంది, మెమొరీ కార్డుది. ఏ పాటలు కావాలంటే ఆ పాటలు ఆయనే ఎక్కించి ఇస్తాడు. ఇంకొకటి బొటనవేలంత, అంగీకి క్లిప్పులా పెట్టుకునేది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మూడోది ఇటుకంత ఉంది. బటన్లు బిస్కెట్లంత. పాటలన్నీ ముందే నింపి పెట్టి ఉంటాయి, భజనలు, పాత సినిమా పాటలు. వాటిని మార్చడానికి లేదు, కానీ చెవుల వైరు తగిలించి ఒత్తితే చాలు పాడుతుంది.

ఎవలకవ్వా, తాతకా, అయితె కండ్లు మూసుకోని గీ ఇటుకది తీస్కపో, ఎవలన్న నడుపొచ్చు అని నవ్వాడు. తాతకు కాదు, నా కొడుక్కు అన్నాను. ఎన్నేండ్లు అన్నాడు. ఇరవై నాలుగు అన్నాను. అట్లయితె గిదెందుకవ్వా, కార్డుది తీస్కో, జర సేపు కూసో, పావుగంటల ఎక్కిస్త, మీ పిలగాడు ఏం పాటలు ఇంటడో చెప్పు అన్నాడు.

పొట్టోడా, ఏం చెప్పమంటావు?

వాడు పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎంత ఉంటే తింటాడో నాకు తెలుసు. ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో తెలుసు. ఏ చెప్పు ముందు అరుగుతుందో తెలుసు. ఏం పాటలు వింటాడో తెలియదు. ఒక్కటంటే ఒక్క పాట చెప్పలేకపోయాను. వాడి పాట ఎప్పుడూ వాడి చెవిలోనే ఉండేది. నాకు కనపడేది తల ఊపడం ఒక్కటే. నేను ఎప్పుడూ ఏమనేదాన్ని? చెవులల్ల గా వైర్లు గుంజి అవతల పారేయ్‌రా, పిలిస్తె పలుకవు అనేదాన్ని. ఏం వింటున్నావురా, ఒక చెవిది నాకూ పెట్టు అని ఒక్కనాడూ అనలేదు. నీకు పెట్టేవాడు. ఆదిలాబాద్ కాలేజీ బస్సులో ఒక చెవిది నీకు, ఒక చెవిది వాడికి. గా వైరు తెగితె ఇద్దరి పానం పోతదా అన్నా అని కోమల వెక్కిరించేది గుర్తుందా?

సినిమా పాటలా, జానపదమా, డీజేనా అని దుకాణపాయన మళ్ళీ అడిగాడు. అన్ని ఇంటడు అన్నాను. ఆయన నా ముఖం చూశాడు. పరేషాన్ గాకవ్వా, దోస్తులకు ఎవలకన్న ఫోన్ కొట్టు, దోస్తులకు ఎరుకుంటది అన్నాడు.

నువ్వు ఆ ఊళ్ళోనే ఉన్నావు. ఆటో ఎక్కితే పది నిమిషాలు. నీ నంబరు నా ఫోన్‌లో ఉంది. ఆ పేరు మీదికి వేలు పోయింది, వెనక్కి తీసుకున్నాను. పెద్ద బటన్లదే కట్టివ్వమన్నాను. వాడికి ఏది కావాలో చూడలేదు బిడ్డా, నాకు ఏది ఒత్తడం వస్తుందో అది చూశాను.

కోమల దాన్ని చూసి తల పట్టుకుంది. గిది మన పక్కింటి పోశవ్వ ముసల్దానికి కొనేటి డబ్బా అవ్వా, అన్న లేసిండంటె మొదలు నిన్నే తిడుతడు అంది. తిట్టనియ్యి బిడ్డా, లేచి తిడితే చాలు అన్నాను. మూడు రోజులు వాడి చెవిలో భజనలు పెట్టాను. పక్కన కూర్చుని పిలిచాను. శ్రీహరీ అని, కొడుకా అని, పాలు తాగేనాటి పేరు పెట్టి కూడా పిలిచాను. ఏమీ కదలలేదు.

ఏడో రోజు నువ్వు వచ్చావు. ఎవరు చెప్పారో గాని, ఒంటి మీద రాతి పొడి అట్లనే ఉంది. చేతిలో నీ పాత పాటల డబ్బా, బొటనవేలంతది. అవ్వా, అయిదంటె అయిదు నిమిషాలు, వాని చెవుల పెట్టి వస్త అన్నావు. నేనేమన్నానో నీకు గుర్తుంటుంది. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. నువ్వు మాట మీద నిలబడితె నా కొడుకు ఒక్కడే లోడు ఎక్కకపోవు, నీ పాట నీ దగ్గర్నే ఉంచుకో అన్నాను. ఆస్పత్రి మెట్ల మీద అందరూ వినేటట్టు అన్నాను. మీ అంతయ్య బాపు నా చెయ్యి గుంజినా ఊరుకోలేదు. నువ్వు డబ్బా కోమల చేతిలో పెట్టి, మొదలు నా మాటలున్నయి, ఎనుక మక్క చేను పాట ఉంది అని చెప్పి మెట్లు దిగిపోయావు.

మక్క చేను పాట అంటే ఏమిటో కోమల చెబితే తెలిసింది. మీరు ఇంటర్ చదివే ఏడు, మా మక్క చేను కంకులకు కోతులు పడితే పగలంతా ఇద్దరూ కావలి ఉండేవాళ్ళు కదా. నూనె డబ్బా కొట్టుకుంటూ, కోతుల్లో ఒకదానికి సర్పంచ్ అని పేరు పెట్టి తిడుతూ పాట కట్టారట. అది నువ్వు ఆ డబ్బాలోనే రికార్డు చేశావట. చేను అంతా కోతులు తిని పోయాయని నేను కట్టె పట్టుకుని వచ్చిన రోజు అదేనేమో.

తొమ్మిదో రోజు శ్రీహరి పోయాడు. కాడు దగ్గర నువ్వు దూరంగా నిలబడి, అందరూ కదిలాక నా దగ్గరికి వచ్చి, పెట్టినవా అవ్వా, ఇన్నడా అని అడిగావు. పెట్టిన, ఏం లేదు, రాయి తీర్గ పండుకున్నడు అన్నాను. నువ్వు తల ఊపి పోయావు. దినాలకు కూడా రాలేదు. నిన్ను చూడటం అదే ఆఖరు.

తొమ్మిది నెలలు అయింది. ఆ పెద్ద బటన్ల డబ్బా ఇంట్లో ఉంటే నాకు నిలబుద్ధి కాలేదు, కోమల అన్నట్టే పక్కింటి పోశవ్వకు ఇచ్చేశాను. పొద్దున లేచి భజనలు పెట్టుకుని, నేను కనపడితే దండం పెడుతుంది. చెడ్డ డబ్బా కాదు అది. వినేవాళ్ళు వేరు, అంతే. మన చేన్లో రెండో విడత పత్తి తీస్తున్నాం. మీ బాపు లోడు దగ్గరికి ఎవరినీ ఒంటరిగా పోనివ్వడం లేదు. కోమల డిగ్రీ ఆఖరు ఏడు. ఇప్పుడు అది ఏ పాట వింటుంటే ఆ పాట పేరు అడుగుతున్నాను. విసుక్కుంటుంది గాని చెబుతుంది.

నీ మీద నాకు కోపం లేదు. కౌలు మాట తప్పావని వాడికి కోపం ఉంటే అది మీ ఇద్దరి మధ్యది, నడుమ దూరడానికి నేనెవరిని? ఆ మెట్ల మీద అన్న మాటకు నీ కాళ్ళు పట్టుకోవాల్సిన దాన్ని. పెద్దదాన్ని అయిపోయాను, అందుకని కాగితం మీద రాస్తున్నాను. తప్పు నాది.

మీ అవ్వకు ఫోన్ చేస్తూ ఉండు.

ఇట్లు,
శ్రీహరి అవ్వ, నీకూ అవ్వనే అయిన,
భూమవ్వ.

మళ్ళీ రాస్తున్నది:

కాగితం మడిచాను. కవరులో పెట్టి, బయటికి తీశాను. దేనికోసం ఉత్తరం మొదలుపెట్టానో అది రాయకుండానే సంతకం చేశాను.

కాడు దగ్గర నేను నీకు చెప్పింది అబద్ధం.

ఎనిమిదో రోజు పొద్దున కోమల చాయ్ తేవడానికి కిందికి పోయింది. దాని సంచిలోంచి నీ డబ్బా తీసి, కోమల చూపించిన బటన్ ఒత్తి, ఒక చెవిది శ్రీహరికి పెట్టాను, ఒకటి నేను పెట్టుకున్నాను. ముందు నీ గొంతు వచ్చింది. శ్రీగా, నేనేరా, తప్పయిందిరా, వచ్చే వానకాలం ఇద్దరం కలిసే ఏద్దాం, లేరా అన్నావు. తర్వాత నూనె డబ్బా మోత. నువ్వు పాడుతుంటే నడుమ నా కొడుకు నవ్వు. వాడి చెయ్యి నా చేతిలో ఉంది. చూపుడు వేలు నా అరచేతిని తట్టింది. నా వణుకే అనుకున్నాను. మళ్ళీ తట్టింది. మూడు తట్టి, ఆగి, రెండు. ఆ పాటలో డబ్బా ఎట్లా మోగుతుందో అచ్చం అట్లా.

వాడు విన్నాడు పొట్టోడా. నీ మాట విన్నాడు, నీతో కలిసి డబ్బా కొట్టాడు.

నేను ఆపేశాను. అరిచి సిస్టరమ్మను పిలవాల్సింది, పిలవలేదు. ఇన్ని రోజులు నేను కొడుకా కొడుకా అంటే కదలని వేలు నీ గొంతుకు కదిలింది. ఓర్వలేకపోయాను. నీది తీసి నా డబ్బా పెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి నేను పిలిచాను. కదలలేదు. సాయంత్రం నీది మళ్ళీ పెడదాంలే అనుకున్నాను. మధ్యాహ్నానికే జ్వరం ఎక్కి మమ్మల్ని బయటికి పంపారు. ఆ సాయంత్రం నాకు దొరకలేదు. డాక్టరమ్మకు చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఆ ఫికర్ నాది, అందులో నీకు పాలు లేదు. మీ బాపుకు, కోమలకు ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వచ్చి చెబుతాను.

నీ డబ్బా నా దగ్గరే ఉంది. పార్సిల్‌లో పంపడానికి మనసు రాలేదు, వాడి నవ్వు అందులో ఒక్కదాంట్లోనే ఉంది. నువ్వు వచ్చి అడిగితే ఇస్తాను. తిట్టాలని ఉంటే వచ్చి తిట్టు. రాబుద్ధి కాకుంటే అది కూడా నీ ఇష్టం, నేనేమీ అనుకోను.

పొద్దున తినకుండా పనికి పోకు బిడ్డా. వేళకు కడుపునిండా అన్నం తిను.