తొమ్మిది దగ్గర ఆగిన పేపరు

మార్చి 5, బుధవారం. ఉదయం 8.10
ఈ రోజుతో లెంటు మొదలు. ఈస్టరు దాకా నలభై రోజులు ఏదో ఒకటి మానుకోవాలి. మా ఆవిడ కృపారాణి కాఫీ మానేసింది. నేను సైటేషన్లు చూడటం మానేశాను. నిన్న లెక్కపెట్టుకుంటే పద్దెనిమిదిసార్లు చూశాను. భార్య ముఖం కూడా అన్నిసార్లు చూడలేదు.

వేరేవాళ్ళు తమ పేపర్లో మన పేపరును పేర్కొంటే ఒక సైటేషన్. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే మా కాలేజీలో పది పేపర్లకు పదేసి ఉండాలి. నావి తొమ్మిది గట్టెక్కాయి. పదోది, వరి ఊక బూడిద నుంచి సిలికా తీసిన పేపరు, రెండేళ్ళుగా తొమ్మిది దగ్గర ఆగింది. ఇంటర్వ్యూ ఏప్రిల్ 11న.
చూసినంత మాత్రాన పెరుగుతుందా? పెరగదు. చూడను.

మార్చి 6
చూడలేదు! ల్యాబులో ఫర్నేసు శుభ్రం చేశాను. పిల్లల రికార్డులన్నీ దిద్దాను. రోజుకు ఇన్ని గంటలుంటాయా!

మార్చి 9, ఆదివారం
పాస్టరు జీవరాజు గారు ప్రసంగంలో ఒక మాట చెప్పారు. ఆ నలభై రోజుల్లో ఆదివారాలు లెక్కలోకి రావట. మిగతా ప్రసంగం నాకు వినపడలేదు. చర్చి గేటు దగ్గరే చూశాను.
తొమ్మిది.

మార్చి 15, శనివారం. సాయంత్రం 6.25
బైబిలు లెక్కలో రోజు సాయంత్రంతోనే మొదలవుతుంది. సూర్యుడు కొవ్వూరు వైపు దిగిపోయాడు. కాబట్టి ఆదివారం వచ్చేసినట్టే.
తొమ్మిది.

మార్చి 20
నేను చూడలేదు. కృపారాణి చేత చూపించాను. తొమ్మిదేనని చెప్పి ఫోను నా చేతిలో పెట్టింది. ఆవిడ కాఫీ ముట్టి పదిహేను రోజులైంది. తలనొప్పి కూడా రావడం లేదట. నాకు వస్తోంది.

మార్చి 27
చూడటం కిందకు రానివి:
కాలేజీ కంప్యూటర్లో చూడటం.
కళ్ళజోడు తీసి చూడటం.
పేజీ దానంతట అదే తెరుచుకోవడం (ఈ రోజు ఆరుసార్లు).

ఏప్రిల్ 2. మధ్యాహ్నం 2.05
పది!!
అటెండరు చిట్టియ్య గారికి చెప్పాను. దేనికో అడక్కుండానే సంతోషించారు. కాజాలు తెప్పించాను.

3.30
నా పేపరును పేర్కొన్నది పావని. నా దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసిన అమ్మాయి, ఇప్పుడు పూనాలో పరిశోధన. గర్వంగా తన పేపరు తెరిచాను. మూడో పేజీలో ఉంది: ఫిన్నీ పద్ధతిలో, అంటే నా పద్ధతిలో, మూడుసార్లు చేసినా ఆ ఫలితం రాలేదని.
అయినా సైటేషన్ సైటేషనే. లెక్కపెట్టే యంత్రం పేపరు చదవదు.

ఏప్రిల్ 3
కోరుకొండ మిల్లు ఊకతో నేనే చేశాను. నాకూ రాలేదు.
పాత నోట్‌బుక్ తీశాను. అప్పుడు వాడింది సామర్లకోట దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లుది. నానబెట్టి ఉడికించిన ధాన్యం ఊక. పేపర్లో ఉత్త 'వరి ఊక' అని రాశాను. అప్పట్లో మా ల్యాబుకు ఎప్పుడూ ఆ ఊకే వచ్చేది. ఇంకో రకం ఉంటుందని, ఏ రకమో రాయాలని తోచనే లేదు.

ఏప్రిల్ 5
సామర్లకోట ఊక తెప్పించి చేశాను. వచ్చింది. పావనికి ఫోను చేశాను. రాకపోతే నన్నొక్క మాట అడగొచ్చు కదమ్మా అన్నాను.
"మూడు మెయిళ్ళు పెట్టానండి. మీరు చూసుకోలేదేమో అనుకున్నాను. తప్పు నా చేతిదేననుకుని ఆర్నెల్లు చేస్తూనే ఉన్నానండి."
ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. సిగ్గేసింది.
పత్రికకు సవరణ పంపాలి. ఇంటర్వ్యూ అయ్యాక పంపుతాను. వారంలో ఏం కొంప మునుగుతుంది?

ఏప్రిల్ 11
పది ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. ఎవరూ పేపరు తెరవలేదు. పదో సైటేషన్‌లో ఏముందో చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.
ప్రమోషను ఇచ్చారు. కృపారాణి పాయసం చేసింది. రెండు గరిటెల కంటే దిగలేదు.

ఏప్రిల్ 21, సోమవారం. ఈస్టరు మర్నాడు. ఉదయం 7.00
మళ్ళీ మొదలు. ఈ రోజు నుంచి నలభై రోజులు సైటేషన్లు చూడను. సవరణ పత్రికకు పంపాను. ఊక ఎక్కడిదో రాశాను, తప్పు పట్టుకున్నది పావని అని రాశాను. ప్రిన్సిపాల్ గారికీ ఒక కాపీ పంపాను. ఏం చేస్తారో ఆయన ఇష్టం.

7.40
తెరవని మెయిళ్ళు నాలుగు వందల పన్నెండు. పావనివి మూడు. వాటి కిందే అస్సాం నుంచి ఒకటి, తంజావూరు నుంచి రెండు, భీమవరం నుంచి ఒకటి. రెండేళ్ళుగా అందరిదీ ఒకే ప్రశ్న: మీరు చెప్పినట్టే చేశాం, రావడం లేదు, ఏ ఊక వాడారు?
జవాబు రాక అందరూ వదిలేసుకున్నారు. పేపరు తొమ్మిది దగ్గర ఎందుకు ఆగిందో అర్థమైంది.
భీమవరం వాళ్ళతో మొదలుపెట్టాను.