మూడో వారం మొలిచింది

మార్చి 4
వడ్రంగాయన మళ్లీ వచ్చాడు. కుడి మోకాలు కొబ్బరికాయంత వాచింది. ఇప్పటికి రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు నేనే ఇచ్చాను. ఇచ్చిన వారం హాయిగానే ఉంటుందట, తర్వాత ముందుకన్నా ఎక్కువ సలుపుతుందట. మూడోది అడిగాడు. ఎందుకో చెయ్యి రాలేదు. నీరు తీసి ల్యాబ్‌కి పంపాను. బయట ఇంకా నలభైమంది.

మార్చి 9
కల్చర్ రిపోర్ట్: నో గ్రోత్.

మార్చి 10, మధ్యాహ్నం
ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసింది. నీళ్లలో అంత చీము ఉండి ఏమీ పెరగకపోవడమేంటి, అతనేం పని చేస్తాడు అంది. వడ్రంగం అన్నాను. చెక్క పేడు ఏదైనా గుచ్చుకుందేమో అడిగావా అంది. ఏడాదిగా చూస్తున్నాను, ఒక్కసారీ అడగలేదు. ఫంగస్ కావచ్చు, అది మెల్లగా మొలుస్తుంది, కల్చర్ ప్లేట్లు నెలరోజులు పారెయ్యనంది.

మార్చి 11
ఆయనకి ఫోన్ చేశాను. పేడు గుచ్చుకోని వడ్రంగి ఉంటాడా డాక్టరమ్మా అని నవ్వాడు. కాసేపటికి గుర్తొచ్చింది. కిందటేడు పాత దూలం కోస్తుంటే ఒకటి మోకాల్లో లోతుగా దిగిందట. ఉలి మొనతో తనే లాగేసుకున్నాడట.

మార్చి 18
ప్లేట్ల మీద ఇంకా ఏమీ మొలవలేదు. ఒళ్లంతా అలసట.

మార్చి 23
మొలిచింది. ముడతలు పడ్డ తెల్లటి మచ్చ, అంచున నలుపు. స్పోరోథ్రిక్స్. చెక్కలో, మట్టిలో ఉండే ఫంగస్. కీలులోకి దిగడం చాలా అరుదు. స్టెరాయిడ్ దానికి మేత. మేత వేసింది నేను.

మార్చి 24
భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పేశాను. ఆయన తల దించుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. మీ నాన్నకైతే ఇలాగే అడక్కుండా పొడిచేవారా అంది. వేరే డాక్టర్ దగ్గరికి పంపుతానన్నాను. అప్పుడు తలెత్తాడు. ఇంకొకరికి మొదట్నుంచీ చెప్పుకునే ఓపిక లేదు, మీరే చూడండి అన్నాడు.

మార్చి 28
కీలు తెరిచి కడిగాం. ఎముకల చివర మెత్తగా ఉండే కార్టిలేజ్ సగం పోయింది. ఇక ఏడాది మాత్రలు.

జూలై 15
వికారంగా ఉందని మాత్రలు మానేస్తానన్నాడు. లివర్ టెస్ట్ బాగానే ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆయన భార్య కసిరింది. నన్ను కాదు, ఆయన్ని.

ఏప్రిల్ 2
ఏడాది మాత్రలు అయిపోయాయి. ఫంగస్ పోయింది. మోకాలు సగమే మడుస్తున్నాడు. ఇక నేల మీద కూర్చుని పని చెయ్యలేడు, బల్ల ఎత్తు చేయించుకున్నాడట. థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే తట్టుకోలేకపోయేదాన్ని.

ఏప్రిల్ 20
ఆయన వదిన వచ్చింది, నడుం నొప్పని. ఆయనే పంపాడట. డాక్టరమ్మ మంచిదే, తొందర పెట్టకు, అన్నీ అడిగి చూడనివ్వు అన్నాడట. ఆ మాట నా మొహం మీదే చెప్పింది. నవ్వాను. ఆమె వెళ్లాక తలుపేసుకుని కూర్చున్నాను.