మీ గుమ్మం ముందు మెట్టు

బావగారికి,

మీ వీధిలో పరిచిన ఇటుకలు పీకించమని మీరు పెట్టిన అర్జీ నకలు నిన్న మా బట్టీ దగ్గర గోడకు అంటించారు. "మలంతో చేసిన రోడ్డు మీద మేం నడవం" అని రాశారు. కింద మీ సంతకం చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మురుగు ఎక్కడిదనుకున్నారు? మీ ఇళ్లదే. మీరు నీళ్లు కొట్టి మరిచిపోయినదాన్ని మేం ఎండబెట్టి, మట్టి కలిపి, ఇనుము ఎర్రబడేంత వేడిలో కాలుస్తాం. ప్రతి విడతలోనూ ఇటుక ముక్కు దగ్గర పెట్టుకుని చూశాకే నేను బయటికి పంపుతాను. వాసన ఉంటే నాకు తెలియదా?

పోయిన నెల మీ ఇంటికొస్తే నన్ను మెట్టు మీదే నిలబెట్టి, "స్నానం చేసే వచ్చావా, మరదలా?" అన్నారు. అక్క తల దించుకుంది. నేనూ నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను.

ఆ మెట్టు మీదే కదా మీరు రోజూ పొద్దున్నే కూర్చుని పేపరు చదివేది? "ఎంత చల్లగా ఉందో చూడండి" అని వచ్చినవాళ్లందరికీ చూపించేదీ అదేగా? నాలుగేళ్ల కిందట అక్క అడిగితే ఆ మెట్టుకు ఇటుకలు పంపింది నేనే. మా బట్టీలో ఈ మురుగుతో చేసి కాల్చిన మొదటి విడత అది. పచ్చిగా ఉన్నప్పుడు ఒకదాని మీద నా బొటనవేలు ఒత్తాను. కుడివైపు చివర ఆ గుంట ఇంకా ఉంది. పేపరు చదువుతున్నంతసేపూ మీ వేలు అందులోనే ఆడుతుంటుందట, అక్క చెప్పి నవ్వింది.

పీకడం అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

మీ మరదలు