ఐదో మిషన్‌కు బొట్టు

సుజాతక్కకు,

ఖతర్ నుంచి నీ తమ్ముడు శ్రీను దండాలు. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారా? బావ మోకాలి నొప్పి తగ్గిందా? నేనిక్కడ బాగున్నాను, వేళకు తింటున్నాను, బెంగ పెట్టుకోకు. ఎండల సంగతి మాత్రం అడగకు. పొద్దున్నే నల్లా తిప్పినా వేడినీళ్ళే వస్తాయి. బావకు ఇది దుబాయ్ కాదని ఇంకోసారి చెప్పు. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ జరగబోయేది మా దగ్గర!

ఆ ఆటలకు వచ్చేవాళ్ళ కోసం ఎక్కడ చూసినా బిల్డింగులు సిద్ధం చేస్తున్నారు. ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒకదాని ఏసీల పని మా కంపెనీది. ఏసీలు కరెంటు వృథా చేస్తున్నాయేమో తనిఖీ చేయించడం ఇక్కడ చట్టమట. డాబా మీది ఐదు మిషన్లను తనిఖీకి తయారు చేసే పని మా ఫోర్‌మన్ మల్లేశన్న మొదటిసారి నా ఒక్కడికే అప్పగించాడు. పాసైతే టెక్నీషియన్‌ను చేస్తానన్నాడు. లేకపోతే మళ్ళీ హెల్పర్‌గా సామాన్లు మోయడమే.

నాలుగు మిషన్లు తళతళలాడేలా చేశాను. ఐదోదానిలో ఇసుక గట్టిగా పట్టేసింది, కడిగే మందేమో అయిపోయింది. నువ్వు దసరాకు కుట్టు మిషన్ దుమ్ము దులిపి, నూనె వేసి, ఆ తర్వాతే బొట్టు పెడతావు కదా? నాకూ అదే అలవాటు. నువ్వు సంచిలో పెట్టిన కుంకుమ తీసి నాలుగింటికి పెట్టాను. ఐదోదానికి పెట్టలేదు.

తనిఖీకి వచ్చిన సారుది సూడాన్. హిందీ కొంచెం వచ్చు. ఎర్రగా కనబడేసరికి, ఇదేమిటి, తుప్పు దాస్తున్నారా అని వేలితో రుద్దాడు. మల్లేశన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం పని చేసినవ్‌రా! యల్లా, తుడువు జల్ది!" అని కసిరాడు.

"తుడవనన్నా. పని మంచిగ చేసినంకనే పెట్టిన," అన్నాను.

అదే మాట సారుకు హిందీలో చెప్పాను. మరి దీనికెందుకు లేదని ఆయన ఐదోదాన్ని చూపించాడు. అది ఇంకా శుభ్రం కాలేదని ఉన్నదున్నట్టు చెప్పేశాను. మల్లేశన్న తల పట్టుకున్నాడు.

సారు అన్నీ తెరిచి చూశాడు. నాలుగూ బాగున్నాయి, ఐదోది నేను చెప్పినట్టే ఉంది. శుభ్రం చేయి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

మొన్న వచ్చాడక్కా! మీటరు బయటికి తీయకముందే ఐదోదాని మీద బొట్టు ఉందా అని చూసి నవ్వాడు. ఆ తర్వాతే తెరిచాడు. పాసైంది!

"ఇగ టెక్నీషియన్‌వే పో," అని మల్లేశన్న నా వీపు మీద ఒక్కటి వేశాడు. ఇంత గర్వం నాకెప్పుడూ కలగలేదు. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

మా రూములో ఉండే గంగన్న ఊరికి వచ్చాడు కదా, సెలవు అయిపోయి వచ్చేటప్పుడు అతనికి మామిడికాయ తొక్కు, కుంకుమ పొట్లం ఇచ్చి పంపు. కుంకుమ కాస్త ఎక్కువే పెట్టు, మల్లేశన్న కూడా అడుగుతున్నాడు.

పెద్దనాన్నకు, బావకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. దసరాకు కుట్టు మిషన్‌కు బొట్టు పెట్టేటప్పుడు నన్ను తలుచుకుని దీవించు. పని నేర్చింది దాని దగ్గరే.

నీ తమ్ముడు,
శ్రీను, ఏసీ టెక్నీషియన్