వెనక మెట్ల మీద ఫొటో

మంగళవారం, మధ్యాహ్నం

అక్కకు,

నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తోంది. అందరం క్షేమమని రాయడం అలవాటు కాబట్టి, అలాగే అనుకో.

పేపర్లో ఫొటో చూసే ఉంటావు. అతిథి గృహం వెనక మెట్ల దగ్గర మంత్రిగారి కారెక్కుతున్న ఆడమనిషి. తల మీంచి శాలువా, మొహం కనపడదు. ఆ మంత్రి మా ఆయనే, నీ మరిదిగారే కాబట్టి నీ గుండె ఎలా ఉందో నాకు తెలుసు. ఊరంతా ఆమె ఎవరని ఒకరినొకరు అడుగుతున్నారు, ఈయన్ని తప్ప.

పొద్దుటినుంచీ పార్టీ పెద్దలు మా ముందుగదిలోనే ఉన్నారు. ఇవాళ ఎవరూ బూట్లు బయట విప్పలేదు. ఈయన బాబాయీ అని పిలిచే అధ్యక్షులవారు, ముందు రాజీనామా ఇవ్వు నాయనా, విచారణ సంగతి తర్వాత చూద్దాం అంటున్నారు. తప్పు లేదని తేలితేనో అని ఈయన అడిగారు. అప్పుడు భుజాల మీద మోసుకొస్తాం అన్నారు. అందరూ నవ్వారు. ఈయన నవ్వలేదు.

టీ నేనే పట్టుకెళ్ళాను. నలుగురిలో తలెత్తలేనని నీకు తెలుసుగా. బాబాయిగారు నన్ను చూసి, జ్వరంలా ఉందమ్మాయ్, కొన్నాళ్ళు మా తోటబంగళాలో ఉండు అన్నారు. ఎల్లుండి కారు పంపుతారట. నువ్వు రావద్దని రాయమన్నదీ ఆయనే. రాకు.

నీ కొంగు వెనక దాక్కునే
చెల్లెలు

తా.క. అక్కా, పైదంతా దగ్గు బాబాయి (మాటకోసారి దగ్గుతాడని అధ్యక్షులవారికి బావ పెట్టిన పేరే) చదివి, బాగుందని తిరిగిచ్చాడు. ఇది కవరు అంటించే ముందు రాస్తున్నాను. వంటావిడ తెస్తుంది.

ఫొటోలో ఉన్నది నేనే. ముందు గుమ్మం నిండా జనం ఉంటే, వాళ్ళ కళ్ళ పడలేక వెనక మెట్లు దిగాను. ఆ శాలువా మనిద్దరికీ నువ్వు ఒకే ఊలుతో అల్లినదే. ఫొటోలో ఉన్నది తన భార్యేనని ఈయన చెప్పారు. పట్టుబడ్డ ప్రతివాడూ పెళ్ళామనే అంటాడని దగ్గు బాబాయి కొట్టిపారేశాడు. అందుకే టీ ఇచ్చేటప్పుడు ఆ శాలువా కప్పుకొని వెళ్ళాను. తలెత్తి చూశాను కూడా. గుర్తుపట్టాడక్కా. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఇంత ఎండలో ఇదెందుకమ్మాయ్ అంటూ తనే తీసి తన సంచిలో పెట్టించుకున్నాడు.

ఈయన ఇంకా సంతకం పెట్టలేదు. నన్ను కెమెరాల ముందుకి లాగనంటారు. ఆయన లాగక్కర్లేదు, నేనే వెళ్తాను. రేపు పొద్దున్నే నీ శాలువా కప్పుకొని మా గేటు దగ్గరికి రా. కెమెరాలవాళ్ళు అక్కడే ఉంటారు.

నాకు జ్వరం లేదు. నేను గేటు దగ్గర కనపడకపోతే, వాళ్ళేం చెప్పినా నమ్మి వెళ్ళిపోకు. అందరూ వినేలా నన్ను పేరు పెట్టి పిలువు.