యాకయ్య చాటిన హుకుం

మట్టెవాడ

చిరంజీవి స్నేహలతకు,

ఫోనులో నీ మాట సగం వినబడక ఇద్దరం చిరాకు పడటం కంటే ఉత్తరమే నయం. ఇక్కడ పాత వడ్ల కొట్టు కూలగొడుతుంటే దొరికిన కాగితాల్లో మన ఊరి పేరు కనబడింది. నిజాం కాలపు లెవీ హుకుం, అంటే రైతులు సర్కారుకు వడ్లు కొలిచి తీరాలన్న ఆజ్ఞ, ఊళ్లో చాటించడానికి తెలుగులో రాసింది. నకలు పంపుతున్నాను. మీ బడిలో నువ్వు చదివితే పాఠమవుతుంది, మన ఊరి డప్పు యాకయ్య దరువేసి చాటితే ఆ రోజే కళ్ల ముందుకొస్తుంది. ఆనాడు చాటింది వాళ్ల తాతే అయివుంటాడు.

మీ అత్తమ్మను, అదే మా అక్కను, ముందు వరసలో కూర్చోబెట్టు. నేను పుట్టకముందే పోయిన మా అన్న కట్టయ్య ఎట్లా పోయాడో ఇప్పుడు తెలిసింది ఆమె ఒక్కతికే. అడిగితే "జరమొచ్చింది తీ" అని లేచిపోతుంది. లెవీ రోజుల్లోనే పోయాడని మా అమ్మ ఒకసారి నోరు జారింది. నాకూ డెబ్బై దాటాయి, తెలుసుకోకుండానే పోతానేమోనని దిగులు. ఆ చాటింపు వింటే అక్క నోరు విప్పుతుందని ఆశ.

ఆశీస్సులతో,
బాపు

*

కేసముద్రం

ప్రియమైన బాపుకు,

అత్తమ్మకు ఈమధ్య నిన్నా మొన్నా కలిసిపోతున్నాయి. పొద్దున నన్ను పేరుపెట్టి పిలుస్తుంది, మధ్యాహ్నం "ఎవలింటి పిల్లవే?" అంటుంది. యాకయ్య మన అరుగు మీద కూర్చొని ఒక్క వాక్యం పలికి చూశాడో లేదో, ఆమె అన్నం ముద్ద కంచంలో పడేసి "వాన్ని ఊకోమను" అంది. యాకయ్యకే భయమేసింది. "పెద్దమ్మ మనసు మంచిగ లేదు టీచరమ్మా, ఇడ్సిపెడ్దాం" అన్నాడు.

నాకూ వద్దనే ఉంది. నువ్వు సరేనంటే పిల్లలకు నేనే చదివేస్తాను.

నీ స్నేహ

*

మట్టెవాడ

బిడ్డా స్నేహా,

ఆమె ఉలిక్కిపడిందంటే ఏదో గుర్తుందనే కదా. మతి పూర్తిగా పోయాక అడగడానికి ఎవరున్నారు? జర ధైర్యం చెయ్యి. ఫికర్ పడకు, ఏమన్నా అయితే పూచీ నాది.

నీ మొండి బాపు

*

కేసముద్రం

బాపుకు,

నీ మాట విన్నాను. యాకయ్య బడి ఆవరణలో దరువేసి చాటాడు: "రేపు పొద్దున సిపాయిలు వచ్చెదరు. లెవీ ఇయ్యనివారి ఇంటిలో ఉన్నది సమస్తమూ జప్తు చేయబడును." పిల్లలు ముందుకు వంగి విన్నారు. నేనూ మురిసిపోయాను. చూస్తే కుర్చీలో అత్తమ్మ లేదు.

ఇంటికి పరుగెత్తాను. వాకిట్లో, ఒకప్పుడు వడ్లు దాచే గొయ్యి, పాతర, ఉండేదనే చోట, చేతులతో మన్ను తోడుతోంది. గోళ్ల నిండా నెత్తురు. "అమ్మ, నాయిన పొలంల ఉన్నరు. ఇంట్ల ఉన్నదంత గుంజుకపోతరని చాటిండ్రు. వడ్లతోని తమ్మున్ని గూడ పాతరల దాసిన, బండ మూసిన. వాడు పలుకుతలేడు, జర తీయుండ్రి" అంటోంది.

అప్పటికి ఎనిమిదేళ్ల పిల్ల, బాపూ. సమస్తమూ అంటే తమ్ముడు కూడా అనుకుంది.

నీకు కావలసింది తెలిసింది. ఆమె మాత్రం అన్నం ముట్టడం లేదు, వాణ్ని తీయమంటోంది. నాకు నీ మీద కోపంగా ఉంది, నా మీద ఇంకా ఎక్కువగా ఉంది. ఎల్లుండి నుంచి నాకు హనుమకొండలో ట్రైనింగు, తప్పదు. ఈ ఉత్తరం యాకయ్య చేతికిచ్చి పంపుతున్నాను, నువ్వు రా.

స్నేహలత

*

కేసముద్రం

బిడ్డా,

నువ్వు హనుమకొండ వెళ్లిన రోజే వచ్చాను. అక్క ఆ గుంత పక్కనే మంచం వేయించుకుంది. ఎట్లాగైనా ఒక ముద్ద తినిపించాలని, "అక్కా, నేనే కట్టయ్యను. బయటికొచ్చిన" అన్నాను.

ఆమె నా తెల్ల జుట్టు తడిమింది. తర్వాత నా చెవి దగ్గరికి నోరు తెచ్చి, "నువ్వు సారంగపాణివి. అబద్ధమాడుతాన్నవ్ తమ్మీ" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. తెలుసుకోవాలనే నా తపన కోసం ఆమెను మళ్లీ ఆ పాతర దగ్గర నిలబెట్టాను. కాళ్లు పట్టుకొని ఏడ్చాను. ఆమె నా చెంప తుడిచింది.

"బయటికొచ్చిన అన్నవ్ గద, గా మాట నాతోని ఇన్నొద్దులు ఎవలూ అనలే. ఇంకొక్కసారి చెప్పు" అంది.

చెప్పాను. కళ్లు మూసుకొని వింది. మళ్లీ చెప్పమంది. నడుమ రెండు గుటకల గంజి తాగింది. ఇప్పుడే కన్నంటుకుంది. లేవగానే మళ్లీ అడుగుతుంది, మళ్లీ చెప్పాలి. ఇక నాకు వేరే పని లేదు.

బాపు