నాలుగు నెలల అద్దె

ఏవండీ,

కూర వేడి చేసుకోండి. మీ నీలం చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాను.

నేను ఇళ్ళ ఏజెంటు ఆఫీసుకి వెళ్తున్నా. మీ స్నేహితుడు కదా అని ముందే ఫోన్ చేసి చెప్పకండి. అద్దె ఎగ్గొట్టిందని మనం తిట్టుకున్న ఆ నర్సు, నాలుగు నెలలూ అతని చేతికే కట్టింది. నిన్న వెళ్ళి నిలదీస్తే, అతని సంతకాలున్న రసీదులు తెచ్చి నా ముందు పెట్టింది. తల కొట్టేసినట్టయింది. "పాపం, ఒక్క నెల ఆగండక్కా" అంటూ మన సోఫాలో కూర్చుని కాఫీ తాగి వెళ్ళాడే! పైసాతో సహా కక్కించి గానీ రాను.

ఇంకోటి. ఆ రసీదుల జిరాక్సులు పదిరోజుల క్రితమే మీకిచ్చానంది. "మా ఆయనకి తెలిస్తే ఊరుకునేవారా?" అని ఆవిడ మీదే కేకలేశాను. పొద్దున అవి మీ నీలం చొక్కా జేబులో దొరికాయి. ఇస్త్రీ అయ్యాక మళ్ళీ అందులోనే పెట్టాను.